ఇంటికొక్క అభిప్రాయం

సినిమా చూసి బయటికొచ్చినవాడు ఏమనాలో కూడా ప్రభుత్వమే చూసుకుంటుందని తెలిసినప్పుడు మా ఊళ్ళో ఎవరూ కంగారుపడలేదు. ఏ బియ్యం తినాలో, ఏ చెత్త ఏ బుట్టలో వెయ్యాలో చెప్పించుకోవడం అలవాటైన జనం మేం. చెప్పేవాడు ఉండాలే గాని వినడానికి మాకేం అభ్యంతరం లేదు.

నాది కళ్ళజోళ్ళ దుకాణం. పేరు మట్టపర్తి సోమేశ్వరరావు. సినిమాల గురించి నాకు పెద్దగా తెలియదు. ఎవరు తీశారో, ఎంతకమ్మారో, పాట ఏ దేశం మంచులో తీశారో పట్టించుకోను. కొత్త సినిమా వస్తే ఆదివారం మ్యాట్నీకి మా ఆవిడ సత్యవేణిని స్కూటర్ మీద తీసుకెళ్తాను. చూస్తాను. సెకండాఫ్‌లో కాస్త కునుకు తీస్తాను. బయటికొచ్చాక అభిప్రాయం చెప్తాను, నిద్రపోయిన భాగం మీద కూడా. మర్నాడు దుకాణానికి వచ్చినవాళ్ళు చూపు మందగించిన సంగతి తర్వాత చెప్పి, ముందు సినిమా ఎలా ఉందండీ అని అడుగుతారు. ఊరికి పైసా ఖర్చు లేకుండా సేవ చేస్తున్నాననుకునేవాణ్ణి.

ఆ సేవే పరిశ్రమ కొంప ముంచుతోందని రాజధానిలో ఒక కమిటీ కనిపెట్టింది. సినిమాలు ఆడకపోవడానికి కారణం సినిమాలు కాదట, అభిప్రాయాలు ఎక్కువైపోవడమట. తలకొక అభిప్రాయం అనేది పేద రాష్ట్రం భరించలేని దుబారా అని కమిటీ తేల్చింది. ఇంటికొక బియ్యం కార్డు, ఇంటికొక గ్యాసు, ఇంటికొక కరెంటు మీటరు సరిపోతున్నప్పుడు, అభిప్రాయాలు మాత్రం నలుగురున్న ఇంట్లో నాలుగెందుకు? ఆలోచిస్తే నాకూ సబబుగానే తోచింది. ఆలోచించకుండా ఉన్నవాళ్ళకి ఇంకా సబబుగా తోచింది.

అలా అభిప్రాయ కార్డులు వచ్చాయి. సినిమా చూసిన వారంలోగా ఇంటి తరఫున ఎవరో ఒకరు ఆఫీసుకి వెళ్ళి ఆ ఇంటి అభిప్రాయం నమోదు చేయించాలి. చేయించకపోతే కార్డు రద్దు. కార్డు లేకపోతే ఏ హాల్లోనూ టికెట్ ఇవ్వరు.

మండలాఫీసు వెనక, ఒకప్పుడు పశువుల మందులు దాచిన గదిలో కొత్త ఆఫీసు పెట్టారు. మండల అభిప్రాయాధికారిగా వేమూరి దక్షిణామూర్తి గారు వచ్చారు. మెడ దాకా బొత్తాలు పెట్టుకునే మనిషి. నా దుకాణంలోనే కళ్ళజోడు చేయించుకున్నారు. అద్దంలో చూసుకోమంటే, "సదరు ఫ్రేము నా ముఖమునకు అనుగుణముగా ఉన్నట్లు మీరు ధ్రువీకరిస్తే చాలును" అన్నారు. నేను ధ్రువీకరించాను.

అభిప్రాయాలు మూడే ఉండేవి. బాగుంది, బాగోలేదు, ఒకసారి చూడొచ్చు. ఈ మూడోది పెట్టినవాడెవడోగాని వాడి కడుపు చల్లగా, ఎన్నో సంసారాలు నిలబెట్టాడు. అత్తకి నచ్చి కోడలికి నచ్చకపోయినా, తండ్రి లేచి వెళ్ళిపోయి కొడుకు ఈల వేసినా, ఇంటిల్లిపాదీ చివరికి ఒకసారి చూడొచ్చు దగ్గర రాజీపడేవాళ్ళు. నేనూ మా ఆవిడా ఏ సినిమా మీదా ఏకాభిప్రాయానికి వచ్చినవాళ్ళం కాదు. అయినా ఆఫీసులో మాత్రం ఒకసారి చూడొచ్చు అని చెప్పి వచ్చేసేవాణ్ణి. మా ఇంటి లోపల ఎన్ని అభిప్రాయాలున్నాయో ప్రభుత్వానికి తెలిసేది కాదు.

ఇక్కడొక మాట చెప్పాలి. మా పెళ్ళయి ముప్పై ఏళ్ళు దాటింది. ఇంట్లో మా మాటలు ఉప్పు తక్కువైందనీ, పాలవాడు రాలేదనీ, అంతకు మించి సాగవు. కాని సినిమా వదిలాక, హాలు పక్కన బజ్జీల బండి దగ్గర నిలబడితే మా ఆవిడ వేరే మనిషైపోతుంది. చేతులు తిప్పుతూ, నా మాటకి మాట అడ్డం పడుతూ, మీకసలు సినిమా చూడ్డం రాదంటూ ఇల్లు చేరేదాకా దెబ్బలాడుతుంది. స్కూటర్ మీద వెనక నుంచి నా చెవిలో దెబ్బలాడుతుంది. అది నాకు చాలా ఇష్టం. సినిమా చెత్తదైనా ఆ గంట కోసమే వెళ్తానని ఆవిడకి ఎప్పుడూ చెప్పలేదు.

ఇలా సాగిపోతుండగా రీమేక్ వచ్చింది.

మా పెళ్ళయిన కొత్తలో ఆడిన పాత సినిమానే మళ్ళీ తీశారు. గోదావరి మీద జనాన్ని రేవు దాటించే పంటు నడిపే కుర్రాడు, బడిపంతులమ్మ. చివర్లో ఆ పిల్ల వేరేవాళ్ళ పంటెక్కి ఊరొదిలి వెళ్ళిపోతుంటే పాత సినిమాలో హీరో రేవులో ఒక్క మాటా అనకుండా నిలబడిపోతాడు. హాలంతా ఏడ్చింది అప్పట్లో. కొత్తదాంట్లో పంటుకి బదులు మోటారు లాంచీ పెట్టారు. హీరో నీళ్ళల్లోకి దూకి, ఈదుకుంటూ వెళ్ళి, వెళ్ళొద్దని చెప్తాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. పాతదాంట్లో ఆ మౌనం ఎంత గొప్పగా ఉందన్నాను. మా ఆవిడ బజ్జీ చేత్తో పట్టుకుని నాకేసి చూసింది.

"నోరు తెరిచి ఒక్క మాటంటే ఆ పిల్ల ఆగును గదండీ. దానికి అంతసేపు రాయిలా నిలబడి, మనందర్నీ ఏడిపించడం దేనికంట? ఈ కుర్రాడే నయం. తడిస్తే తడిశాడు గాని, చెప్పాడు."

చెప్పేస్తే ఇంక కథేముంది అన్నాను నేను. చెప్పాకే అసలు కథ అంది ఆవిడ. ఆ రోజు ఇల్లు చేరాక కూడా తెగలేదు. అన్నం దగ్గర కూడా నడిచింది. చాలా బాగా గడిచిన ఆదివారం అది.

సోమవారం ఆఫీసుకి వెళ్ళి మామూలుగా ఒకసారి చూడొచ్చు అన్నాను. దక్షిణామూర్తి గారు తల అడ్డంగా ఊపారు. రీమేకులకు ఆ వెసులుబాటు లేదట. పాతదే బాగుంది, కొత్తదే బాగుంది, ఈ రెంటిలో ఒకటే చెప్పాలట. ఎందుకండీ అన్నాను.

"సదరు కథను తమరు ఇదివరకే ఒకసారి చూసియున్నారు. కనుక ఒకసారి చూడొచ్చు అనుటకు తమకు అర్హత లేదు."

పాతదే బాగుంది అని చెప్పి వచ్చాను. మర్నాడు కూరగాయలకని వెళ్ళిన మా ఆవిడ దార్లో ఆఫీసుకి వెళ్ళి, కొత్తదే బాగుందని చెప్పి, వంకాయలు కొనుక్కుని వచ్చింది. సాయంత్రానికి నాకు కబురొచ్చింది.

"తమరి కుటుంబము నుండి పరస్పర విరుద్ధములైన రెండు అభిప్రాయములు దాఖలైనవి," అన్నారు దక్షిణామూర్తి గారు, కుర్చీలోంచి సగం లేచి. "దీనిని ద్వంద్వాభిప్రాయ దోషము అంటారు. ఒక ఇంట రెండు కట్టెల మీటర్లు ఉన్నట్టు."

కట్టెలకి మీటర్లుండవు గదండీ అందామనుకున్నాను గాని, ఆయన బాధ చూసి ఊరుకున్నాను. దోషం పోవాలంటే దారులు రెండేనట. ఇద్దరం ఒక అభిప్రాయానికి రావడం ఒకటి. లేదంటే, బియ్యం కార్డులు విడదీసుకున్నట్టు వేరు కాపురం చూపించుకోవడం. వేరు పొయ్యి, వేరు గుమ్మం ఉంటే వేరు అభిప్రాయానికి హక్కు వస్తుంది. రెండూ కాకపోతే కార్డు రద్దు, ఇక ఈ జన్మకి సినిమా లేదు.

సినిమా కోసం కాపురం విడగొట్టుకునేంత మూర్ఖుణ్ణి కాదు నేను. అక్కడికక్కడే, మా ఆవిడ అభిప్రాయమే నా అభిప్రాయం అన్నాను. దక్షిణామూర్తి గారి ముఖం విప్పారింది. మండలంలో రాజీపడిన మొదటి కుటుంబం మాదేనని అభినందించి, కరచాలనం చేశారు. మా ఆవిడ సంతోషిస్తుందనుకుంటూ ఇంటికొచ్చి చెప్పాను. ఆవిడ ఊఁ అంది.

తర్వాతి ఆదివారం ఇంకో సినిమాకి వెళ్ళాం. ఎందుకైనా మంచిదని ఈసారి ముందే జాగ్రత్తపడ్డాను. బండి దగ్గర ఆవిడ హీరోయిన్‌కి నటన రాదంది. నిజమే అన్నాను. నాయనమ్మ వేషం వేసినావిడ బాగా చేసిందంది. అవును, బాగా చేసింది అన్నాను. మా ఆవిడ కాసేపు నన్ను పరకాయించి చూసింది. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ ఫైటింగ్ వస్తే కళ్ళు మూసుకునే మనిషి, ఆ ఫైటింగులే సినిమాకి ప్రాణమండీ అంది.

"అవును, ప్రాణం," అన్నాను.

ఆవిడ బజ్జీల పొట్లం బండి మీద పెట్టేసింది.

"అయితే నేనొక్కదాన్నే వచ్చానన్నమాట సినిమాకి."

స్కూటర్ మీద మాట్లాడలేదు. ఇంటికొచ్చి చీర మార్చుకుని, దీపం పెట్టి, అప్పుడు చెప్పింది. రేపెళ్ళి వేరు కాపురానికి అర్జీ పెట్టండి అని. ఇన్నేళ్ళ కాపురం, ఒక సినిమా కోసం వేరు పడతామా అన్నాను.

"సినిమా కోసం కాదండీ. నాకు దెబ్బలాడ్డానికి మనిషి కావాలి," అంది.

మర్నాడే వేరు పడ్డాం. నా కాపురానికి పాతదే బాగుంది, ఆవిడ కాపురానికి కొత్తదే బాగుంది అని ఆఫీసులో మళ్ళీ రాయించాం. ఇంట్లో హాలు మధ్యన నైలాను తాడు కట్టి, దాని మీద పెద్ద దుప్పటి ఆరేశాం. వీధి గుమ్మం ఆవిడది, సందు గుమ్మం నాది. వంటిల్లు ఆవిడ కాపురం. వెనక వరండాలో నా పొయ్యి. నాకు అన్నం వార్చడం రాదు కాబట్టి నా కాపురానికి కూడా ఆవిడే వచ్చి వండిపెట్టి, తన కాపురానికి వెళ్ళిపోయేది.

మంచో చెడో, ఊళ్ళో ఒకరు చేస్తే చాలు. రీమేక్ ఆడినన్నాళ్ళూ మా బజార్లో దుప్పట్లు దొరకలేదు. గాంధీ బొమ్మ వెనక వీధిలో నలుగురన్నదమ్ముల ఉమ్మడి కుటుంబం, ఆస్తులు పంచుకోవడానికి తాతల నాటి నుంచీ ఒప్పుకోనివాళ్ళు, ఒక్క ఆదివారంలో ఏడు కాపురాలైపోయారు. జూనియర్ కాలేజీ లెక్చరర్ ఒకాయన, బ్రహ్మచారి, ఇంకో చిక్కు తెచ్చాడు. ఆయనకి ఫస్టాఫ్‌లో పాతదీ, సెకండాఫ్‌లో కొత్తదీ నచ్చాయి. తన ఒక్కడికే రెండు కాపురాలు మంజూరు చెయ్యాలని అర్జీ పెట్టుకున్నాడు. దక్షిణామూర్తి గారు రాజధానికి రాశారు. ఒక కాపురంలో వండినది రెండో కాపురంలో తిననంతవరకు అభ్యంతరం లేదని జవాబొచ్చింది. పాపం ఆ లెక్చరరు పగలు ఒక గదిలో, రాత్రి ఇంకో గదిలో వండుకోలేక కాస్త చిక్కాడు. రెండు కాపురాలకీ మధ్య మాటల్లేవని కూడా ఊళ్ళో అన్నారు గాని, అది నేను నమ్మను.

చివరికి మా మండలంలో మనుషుల కన్నా కాపురాలు ఎక్కువయ్యాయని రాజధానిలో ఎవరో లెక్క చూశారు. ఇదేదో తప్పుగా ఉందని వాళ్ళకి అనుమానమొచ్చింది. ప్రతి ఇంటికీ వెళ్ళి విచారించాలనీ, దొంగ వేరు కాపురమని తేలితే ఇద్దరి కార్డులూ శాశ్వతంగా తీసేయాలనీ ఉత్తర్వులిచ్చారు. మొదట వేరు పడింది మేమే కాబట్టి మొదటి విచారణా మాకే పడింది.

దక్షిణామూర్తి గారు ఒక మధ్యాహ్నం వచ్చారు. వీధి గుమ్మంలో ఒకసారి, సందు గుమ్మంలో ఒకసారి చెప్పులు విప్పి రెండు కాపురాల్లోకీ విడివిడిగా వచ్చారు. నా పొయ్యి మీద చెయ్యి పెట్టి చూశారు. వేడిగానే ఉంది, పొద్దుటే మా ఆవిడ వెలిగించి ఉంచింది. రెండు వైపులా గోంగూర పచ్చడి వాసనే వస్తోందేమని అడిగారు. ఊరందరిదీ గోంగూరే గదండీ అంది మా ఆవిడ దుప్పటి వెనక నుంచి. ఆదివారాలు పోతాయేమోనని ఆవిడ భయం, నాకు తెలుసు.

దుప్పటి అంచున కుర్చీ వేయించుకుని, రెండు కాపురాల అభిప్రాయాలూ మరొకమారు మౌఖికంగా వినిపించమన్నారు ఆయన. ముందు నన్ను చెప్పమన్నారు.

పాతదే బాగుందన్నాను. రేవులో ఆ కుర్రాడు నిలబడడం చూస్తుంటే ఇప్పటికీ గుండె పట్టేస్తుందన్నాను.

"గుండె పట్టేస్తే నోరు కూడా పట్టెయ్యాలా?" అంది దుప్పటి.

అంతే. మగాడు అన్నీ నోటితో చెప్పడన్నాను. చెప్పకపోతే ఎదటిదానికి ఎలా తెలుస్తుందంది. చూసి తెలుసుకోవాలన్నాను. ఎంతకాలమని చూస్తుంది, పంటు వెళ్ళిపోతుంటేనూ అంది. ఆ మ్యూజిక్ విన్నాక కూడా నీకు మనసు కరగలేదంటే నువ్వు నిద్రపోయుంటావన్నాను. నిద్రపోయేదెవరో హాల్లో గురక విన్న పదిమందినీ అడుగుదాం రండి అంది. మధ్యలో ఆయనకిచ్చిన టీ చల్లారిపోయింది. దక్షిణామూర్తి గారు ఉన్నారన్న సంగతి నేను మర్చిపోయాను. ఆవిడ కూడా మర్చిపోయిందనుకుంటాను, నా ముఖం కనబడకపోతే దెబ్బలాట కుదరట్లేదని దుప్పటి ఒక పక్కకి లాగేసి, నడుం మీద చెయ్యి వేసుకుని నా కాపురంలోకి వచ్చి నిలబడింది.

"ఇక చాలు," అన్నారు దక్షిణామూర్తి గారు.

ఇద్దరం ఆగిపోయాం.

"విచారణలో ఇది ఒకే కాపురమని నిర్ద్వంద్వముగా తేలినది."

రెండు పొయ్యిలున్నాయి గదండీ అన్నాను నీరసంగా.

"పొయ్యిలు ఉన్నవి. గుమ్మములు ఉన్నవి. కాని వేరు కాపురాల వాళ్ళు ఇంతసేపు మాట్లాడుకోరు."

ఆయన కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నారు. మళ్ళీ మాట్లాడేసరికి ఆ భాష మారిపోయింది. నేను ఆ గొంతు ఎప్పుడూ వినలేదు.

"మా ఇంట్లో ఒకటే పొయ్యండీ. ఒకటే అభిప్రాయం. ఏం అడిగినా మా ఆవిడ మీ ఇష్టం అంటుంది. ఎప్పట్నుంచి అలా అంటోందో నాకే గుర్తులేదు. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందంటే, గోడ గడియారం చప్పుడు భరించలేక ఆపేశాను."

మరి కార్డు తీసేస్తారా అండీ అని అడిగింది మా ఆవిడ, చిన్నపిల్ల అడిగినట్టు.

దక్షిణామూర్తి గారు కళ్ళజోడు పెట్టుకున్నారు. దానితో పాటు భాష కూడా వెనక్కి వచ్చింది.

"కాపురము ఒకటే. కనుక అభిప్రాయమూ ఒకటే. కాని అది ఏదన్నది కుటుంబములో ఇంకను చర్చలో ఉన్నది. చర్చ ముగియక మునుపు నమోదు చేయుట నిబంధనలకు విరుద్ధము. కావున పరిశీలనలో ఉన్నది అని వ్రాయుచున్నాను. పరిశీలనలో ఉన్న కార్డును ఎవరూ రద్దు చేయజాలరు."

ఎన్నాళ్ళుంటుందండీ పరిశీలన అని అడిగింది మా ఆవిడ.

"ప్రభుత్వములో పరిశీలనకు గడువు లేదమ్మా," అన్నారాయన.

దుప్పటి ఆ సాయంత్రమే మడతపెట్టాం. వారం తిరక్కుండా మండలమంతా పరిశీలనలోకి వెళ్ళిపోయింది, ఆ నెలలోనే జిల్లా కూడా. ఇప్పుడు రాష్ట్రంలో ఏ సినిమా మీదా ప్రజాభిప్రాయం ఏమిటో ప్రభుత్వానికి తెలియదు. ఇది తమ కృషి ఫలితమేనని కమిటీ చెప్పుకుంది. జనం ఎడాపెడా అభిప్రాయాలు చెప్పడం మానేసి లోతుగా ఆలోచిస్తున్నారట.

కొన్నాళ్ళకి దక్షిణామూర్తి గారు దుకాణానికి వచ్చారు. కళ్ళజోడు బాగానే ఉంది, చూపూ బాగానే ఉంది. అయినా కూర్చున్నారు. గిరాకీ అంతా వెళ్ళేదాకా ఆగి, గొంతు సవరించుకుని, సినిమా వదిలాక మీరు మొదట ఏం మాట్లాడతారండీ ఆవిడతో అని అడిగారు. ఎలా ఉందని తాను అడిగితే మీ ఇష్టం అంటుందనీ, అక్కడితో ఆగిపోతుందనీ చెప్పారు.

అడక్కండి అన్నాను. హాల్లో తెర చూడ్డం మానేసి ఆవిణ్ణి చూడండి, ఏ సీనుకి కొంగుతో కళ్ళు తుడుచుకుంటారో గుర్తుపెట్టుకుని, బయటికొచ్చాక ఆ సీనొక్కటీ తీసేస్తే సినిమా బాగుండేదనండి అన్నాను. ఇది నిబంధనల్లో ఎక్కడా లేదే అన్నారాయన. లేదండీ అన్నాను.

ఆ ఆదివారం బజ్జీల బండి దగ్గర వాళ్ళిద్దరూ కనిపించారు. దక్షిణామూర్తి గారి భార్యని నేను చూడడం అదే మొదలు. సన్నగా, తల వంచుకుని నిలబడి ఉంది. ఆయన నాలుగు వైపులా చూసి, ఒకటికి రెండుసార్లు గొంతు సవరించుకుని, ఆ ఆసుపత్రి సీను అనవసరం, తీసేస్తే బాగుండేది అన్నారు.

నేను పలకరించబోతుంటే మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. దక్షిణామూర్తి గారు పొట్లంలోకి చూస్తూ ఉండిపోయారు. చాలాసేపటికి ఆయన భార్య తలెత్తింది.

"అనవసరమా? ఆ తల్లి మంచం పక్కన కూర్చుని దుప్పటి సర్దింది, చూశారా మీరు? సర్దిన దుప్పటే మళ్ళీ మళ్ళీ సర్దింది. అదొక్కటే గదండీ సినిమా అంటే. ఇన్నేళ్ళూ నా పక్కన కూర్చుని మీరు ఏం చూస్తున్నట్టు?"

దక్షిణామూర్తి గారు పొట్లం చేతిలో పట్టుకుని ఆవిడ వైపే చూస్తూ నిలబడ్డారు. ఆవిడ ఇంకా చెబుతూనే ఉంది.